ఆకాశం నుంచి వచ్చే ప్రతిధ్వని, ఒక పాత లాగ్‌బుక్కు

(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాల్లో సాధారణంగా డి.ఆర్. గురించి, మెడికల్ బిల్లుల గురించి, నవంబరులో ఇవ్వవలసిన లైఫ్ సర్టిఫికెట్ గురించి మాట్లాడుకుంటాం. అవన్నీ అవసరమే. అయితే ఈసారి కార్యదర్శిగారు "మీరు వైర్‌లెస్‌లో పనిచేశారు కదా, ఏదైనా సైన్సు విషయం చెప్పండి, ప్రత్యేక సంచికలో కూడా వేసుకుందాం" అని అడిగారు. నాకు ఎనభై దాటాయి. చదివినదానిలో సగం మరచిపోయాను. మరచిపోలేని విషయం మాత్రం ఒకటుంది. సైన్సు పేరుతో దానినే మీ ముందు పెడుతున్నాను. ఇందులో నా తప్పు ఒకటి ఉంది. దానిని చివర చెప్పి తప్పించుకోకుండా మొదటే చెబుతాను.

1980లో నేనొక వైర్‌లెస్ స్టేషన్లో షిఫ్టు ఇన్‌చార్జిని. ఊరు, ఆఫీసు పేరు ఇక్కడ అవసరం లేదు. దూరప్రాంతాలతో షార్ట్‌వేవ్ మీద సందేశాలు నడిచే రోజులవి. ఒకనాడు మధ్యాహ్నం భోజన సమయంలో ఒక ముఖ్యమైన సర్క్యూటు నలభై నిమిషాలపాటు చచ్చిపోయింది. డ్యూటీలో ఉన్నది ఒక యువ ఆపరేటరు. సర్వీసులో చేరి నాలుగేళ్ళయింది. ఆ సమయంలో రావలసిన ఒక అత్యవసర సందేశం అందలేదు. సాయంత్రంలోగా కారణం రాసి పంపమని పై ఆఫీసు నుంచి ఫోను వచ్చింది.

నేను లాగ్‌బుక్కు తెప్పించుకున్నాను. ఆ అబ్బాయి ఇలా రాసి ఉంచాడు: అన్ని ఫ్రీక్వెన్సీల మీదా సిగ్నల్ లేదు, రిసీవరులో గరగర కూడా బాగా తగ్గిపోయింది, తిరిగి వచ్చేటప్పుడు 12 మెగాసైకిల్స్ ముందు వచ్చింది, 7 మెగాసైకిల్స్ ఆఖరున వచ్చింది. గరగర కూడా తగ్గిందంటే వాల్యూము తగ్గించుకుని కునుకు తీశాడని నేను నిర్ధారించుకున్నాను. పక్క స్టేషనుకు ఒక ఫోను చేసి "మీకూ ఇలాగే అయిందా?" అని అడిగితే రెండు నిమిషాల్లో తేలేది. అడగలేదు. "ఆపరేటరు అజాగ్రత్త" అని రెండు పంక్తులు రాసి సంతకం పెట్టాను. చార్జిమెమో ఇచ్చారు, సంజాయిషీ అడిగారు, అది తృప్తికరంగా లేదన్నారు. ఒక ఇంక్రిమెంటు కోసేశారు, అదీ క్యుములేటివ్ ఎఫెక్టుతో. ఆ మాటకు అర్థమేమిటో ఈ సభలో నేను వివరించనక్కరలేదు. ప్రతి నెలా జీతంలో, ఆ పైన ప్రతి నెలా పెన్షన్లో ఆ కోత నడుస్తూనే ఉంటుంది.

ఇక సైన్సులోకి వద్దాం.

గాదంకి పొలంలో

రిటైరైన కొన్నేళ్ళకు తిరుపతిలో స్వామివారి దర్శనం చేసుకుని, మా మేనల్లుడి పుణ్యమా అని, అనుమతితో గాదంకి వెళ్ళాను. తిరుపతి నుంచి చిత్తూరు వెళ్ళే దారిలో, కొండల మధ్యనున్న ఊరది. అక్కడ మన దేశపు ఎం.ఎస్.టి. రాడారు ఉంది. 1990ల తొలి సంవత్సరాల్లో పనిచేయడం మొదలుపెట్టింది. ఆ కేంద్రాన్ని నేడు జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల అంటున్నారు.

రాడారంటే గిరగిర తిరిగే గిన్నె అనుకుని వెళ్ళాను. అక్కడ గిన్నె లేదు, తిరగడం లేదు. 130 మీటర్ల పొడవు, 130 మీటర్ల వెడల్పు గల స్థలంలో, వరినారు నాటినట్టు వరుసలుగా 1024 యాగీ యాంటెన్నాలు ఆకాశం వైపు చూస్తూ నిలబడి ఉన్నాయి. వెనుకటి రోజుల్లో మన డాబాల మీద టీవీ కోసం పెట్టుకున్నామే, ఆ జాతివే. పనిచేసేది 53 మెగాహెర్ట్జ్ మీద. మొదట కట్టినప్పుడు 32 ట్రాన్స్‌మిటర్లు కలిసి గరిష్ఠంగా 25 లక్షల వాట్ల శక్తిని పైకి పంపేవి. తరువాత ఆధునికీకరణలో ఒక్కో యాంటెన్నాకూ దాని చిన్న ట్రాన్స్‌మిటరును దానికే అమర్చారు.

"విమానం మీద తగిలి వెనక్కి వస్తే రాడారు. ఇక్కడ పైన ఏముందని తగులుతుంది?" అని అడిగాను. "గాలి సార్" అన్నాడు మాకు చూపించిన కుర్రవాడు. నవ్వాననుకోండి. కానీ అది నిజం.

గాలి ఎలా అద్దమవుతుంది?

ఎండాకాలం తారురోడ్డు మీద మధ్యాహ్నం దూరంగా చూస్తే, గాలి కదులుతున్నట్టు, నీళ్ళున్నట్టు కనిపిస్తుంది. వేడిగాలి, చల్లగాలి పక్కపక్కనే ఉండి, వాటి గుండా కాంతి వంకర పోవడం వల్ల అలా కనిపిస్తుంది. రేడియో తరంగానికి కూడా అంతే. ఉష్ణోగ్రతలో గాని, తేమలో గాని, ఎలక్ట్రాన్ల సంఖ్యలో గాని ఎగుడుదిగుడు ఉంటే, తరంగంలో బహు స్వల్పభాగం వెనక్కి చెదురుతుంది. అదే ప్రతిధ్వని.

అయితే ప్రతి ఎగుడుదిగుడూ పనికిరాదు. 53 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 5.66 మీటర్లు. అందులో సగం, అంటే సుమారు 2.8 మీటర్ల ఎడంతో ఉన్న గాలి మడతల నుంచి వచ్చే చెదురు మాత్రమే ఒకదానితో ఒకటి కలిసి బలపడుతుంది. కోలాటంలో అందరి కర్రలు ఒకే తాళానికి పడితే చప్పుడు వీధి చివరిదాకా వినిపిస్తుంది. తాళం తప్పితే ఎవరి చప్పుడు వారిదే. ఇదీ అంతే. కాబట్టి ప్రతిధ్వనిని శాసించే మొదటి సంగతి ఇది: పైన ఆ కొలతగల మడతలు ఉన్నాయా, లేవా.

రెండవ సంగతి ఎత్తు. దీనిని మేడ మెట్లెక్కినట్టు ఒక్కొక్క అంతస్తే చూద్దాం.

కింది అంతస్తుల్లో, మేఘాలు తిరిగే ఎత్తుల్లో, తేమదే పెత్తనం. తేమలో హెచ్చుతగ్గులున్నచోట ప్రతిధ్వని బలంగా వస్తుంది. పైకిపోయిన కొద్దీ తేమ తగ్గి, ఉష్ణోగ్రతలో తేడాలే మిగులుతాయి. మన ప్రాంతంలో సుమారు 16, 17 కిలోమీటర్ల ఎత్తున ట్రోపోపాజ్ అనే హద్దు ఉంది. అంతవరకు పైకిపోతూ చల్లబడిన గాలి అక్కడి నుంచి తిరిగి వేడెక్కడం మొదలుపెడుతుంది. ఆ హద్దు దగ్గర గాలి పరుపులు పరిచినట్టు పొరలుగా నిలకడగా ఉంటుంది. నిటారుగా పంపిన కిరణానికి అది అద్దంలా గట్టి ప్రతిధ్వని ఇస్తుంది, కొంచెం వాల్చిన కిరణానికి అంత ఇవ్వదు. అంటే మూడవ సంగతి, కిరణం ఏ వైపు చూస్తున్నదనేది.

ఈ ప్రతిధ్వనుల్లో స్వరం కాస్త హెచ్చితే గాలి మన వైపు వస్తున్నదని, తగ్గితే దూరంగా పోతున్నదని అర్థం. స్టేషనులో ఆగకుండా పోయే రైలు కూత దగ్గరికి వస్తూ ఒకలా, దాటిపోతూ ఒకలా వినపడుతుంది కదా! కిరణాన్ని నిటారుగాను, కొన్ని వైపులకు వాల్చి కూడా పంపి, ఆ తేడాలనుబట్టి గాలి వేగాన్ని లెక్కకడతారు. నైరుతి ఋతుపవన కాలంలో మన తలమీద, విమానాలు ఎగిరే ఎత్తుకు కూడా పైన, తూర్పు నుంచి పడమటికి వీచే మహావేగపు గాలిని ఇలా బెలూను లేకుండానే చూడగలుగుతున్నారు.

సుమారు 30 కిలోమీటర్ల నుంచి 60 కిలోమీటర్ల దాకా ఈ రాడారుకు చెవుడు. అక్కడ తేమ లేదు, గాలి పలుచన, ఎలక్ట్రాన్లు చాలినన్ని లేవు. ఆ మధ్య భాగాన్ని లేజరు వెలుగు పంపే లైడారుతో చూస్తారు. అదీ గాదంకిలో ఉంది.

పగటి పొర

60 కిలోమీటర్లు దాటితే మళ్ళీ ప్రతిధ్వనులు మొదలవుతాయి. 75 కిలోమీటర్ల ఎత్తుకు పోయి రావడానికి తరంగానికి పట్టేది సెకనులో రెండువేలవ వంతు. ఇక్కడ ప్రతిధ్వని రావాలంటే రెండూ కలిసి ఉండాలి. ఒకటి ఎలక్ట్రాన్లు, రెండు కల్లోలం. ఎలక్ట్రాన్లను సూర్యుడు తయారుచేస్తాడు. ఆయన కిరణాలు గాలి అణువులను చీల్చి వాటిని విడదీస్తాయి. కల్లోలం కింది నుంచి వస్తుంది. పిడుగుమేఘాలు, కొండల మీది గాలులు పుట్టించిన అలలు పైకిపోతూ, గాలి పలచబడిన కొద్దీ పెద్దవై, చివరకు సముద్రపు ఒడ్డున కెరటం విరిగినట్టు విరుగుతాయి. ఆ విరిగినచోట మడతలు పుడతాయి. ఇంకా పైకిపోతే పలుచని గాలి జిగట చిన్న మడతలను చెరిపేస్తుంది. అందుకే ఆ ప్రతిధ్వనులు కొద్ది ఎత్తుల మధ్యనే, ముక్కలు ముక్కలుగా వస్తాయి.

"ఇవి రాత్రి రావా?" అని అడిగాను. "రావు సార్. సూర్యుడు లేకపోతే ఆ ఎత్తున ఎలక్ట్రాన్లు నిలవవు. ఇది పగటి పొర" అన్నాడు. ఆ మాట నాకు ఎక్కడో తగిలింది. ఎక్కడ తగిలిందో తరువాత చెబుతాను.

ధ్రువాల దగ్గర ఇంకో వింత ఉంది. అమెరికాలోని అలాస్కాలో పోకర్‌ఫ్లాట్ రాడారు 1979 ప్రాంతాల నుంచి చూస్తే, వేసవిలో 85 కిలోమీటర్ల ఎత్తున మహా బలమైన ప్రతిధ్వనులు వచ్చాయి. చిత్రమేమంటే, ధ్రువాల దగ్గర ఆ ఎత్తున అత్యంత చలి ఉండేది వేసవిలోనే, సున్నాకు 130 డిగ్రీలకు పైగా దిగువన. ఆ చలిలో సన్నని మంచు రేణువులు ఏర్పడి, ఎలక్ట్రాన్లను పట్టుకుని విద్యుదావేశం పొందుతాయి. వాటి బరువు వల్ల ఎలక్ట్రాన్ల మడతలు త్వరగా చెరిగిపోవు. మనకు 2.8 మీటర్ల మడతను చెరిపేసే ఎత్తులోనే అక్కడ మంచు దానిని కాపాడుతుందన్నమాట.

80 నుంచి 110 కిలోమీటర్ల మధ్య ఉల్కలు మండిపోతాయి. కంటికి కనపడని ఇసుకరేణువంత ఉల్క కూడా వెనుక ఒక ఎలక్ట్రాన్ల గీత గీస్తుంది. అది సెకనులో కొంత భాగమో, కొన్ని సెకన్లో ప్రతిధ్వని ఇచ్చి చెదిరిపోతుంది. ఇవి తెల్లవారుజామున ఎక్కువ, సాయంత్రం తక్కువ. వానలో నడిచేవాడికి ముందువైపే ఎక్కువ తడుస్తుంది కదా. భూమి తన దారిలో ముందుకు పోతుంటే, తెల్లవారుజామున మనం ఆ ముందువైపున ఉంటాం.

భూమి అయస్కాంతం పెత్తనం

సుమారు 90 కిలోమీటర్లు దాటాక భూమి అయస్కాంతశక్తి పెత్తనం మొదలవుతుంది. అక్కడ ఎలక్ట్రాన్ల మడతలు అయస్కాంత రేఖల వెంట ఊచలు పేర్చినట్టు సాగి ఉంటాయి. ఊచకు సరిగ్గా అడ్డంగా చూసినప్పుడే ప్రతిధ్వని వస్తుంది. అందుకని గాదంకిలో కిరణాన్ని నిటారు నుంచి ఉత్తరానికి సుమారు 13 డిగ్రీలు వాల్చి చూస్తారు. దిక్కు తప్పితే, పైన ఎంత అల్లకల్లోలంగా ఉన్నా, రాడారుకు ఏమీ లేనట్టే. చూసేవాడి దిక్కు తప్పయితే ఎదుటివాడి దగ్గర ఏమీ లేదనుకునే ప్రమాదం మనుషుల్లోనూ ఉంది.

150 కిలోమీటర్ల దగ్గర పగటిపూట మాత్రమే వచ్చే ప్రతిధ్వనులు కొన్ని ఉన్నాయి. పెరూ దేశంలో జికమార్కా రాడారు వీటిని 1960లలోనే పట్టుకుంది. దాదాపు అర్ధశతాబ్దం వీటి కారణం తేలలేదు. సూర్యకిరణాలు విడదీసిన వేగవంతమైన ఎలక్ట్రాన్ల వల్ల ఇవి పుడుతున్నాయని ఇటీవలి సంవత్సరాల్లో కంప్యూటరు లెక్కలతో చూపిస్తున్నారు. ఏభై ఏళ్ళు "కారణం తెలియదు" అని రాసి ఉంచగల ఓపిక ఆ శాస్త్రవేత్తలకు ఉంది. నాకు ఒక్క సాయంత్రం లేకపోయింది.

ఇంకా పైన, 200 కిలోమీటర్లు దాటాక, సూర్యాస్తమయం తరువాత భూమధ్యరేఖా ప్రాంతాల్లో పలుచని బుడగలు లేచి వందల కిలోమీటర్లు పైకి పోతాయి. బరువైన ద్రవం పైన, తేలిక ద్రవం కింద ఉన్నప్పుడు తేలికది చీల్చుకుని లేచినట్టు లేస్తాయి. విషువత్తుల నెలల్లో, సూర్యుడి మచ్చలు ఎక్కువగా ఉన్న సంవత్సరాల్లో ఇవి మనకు ఎక్కువ. ఇవి ఉపగ్రహాల నుంచి వచ్చే సంకేతాలను మిణుకు మిణుకుమనిపిస్తాయి. మనవల ఫోనుల్లో దారి చూపించే జి.పి.ఎస్.కు, విమానాలకు ఇది సంబంధించిన వ్యవహారం. అందుకే వీటి మీద ఇంత పరిశోధన.

వీటన్నిటికీ తోడు ఆకాశపు గరగర ఉంది. 53 మెగాహెర్ట్జ్ మీద మన పాలపుంత కూడా నిరంతరం ఒక రొద చేస్తూ ఉంటుంది. ఆ రొద మధ్య నుంచే ఈ బలహీనమైన ప్రతిధ్వనిని ఏరుకోవాలి.

మళ్ళీ లాగ్‌బుక్కు

ఇప్పుడు ఆ "పగటి పొర" మాట దగ్గరికి వస్తాను. గాదంకి రాడారు పగలు ప్రతిధ్వని అందుకునే ఆ 60, 90 కిలోమీటర్ల మధ్య పొరనే మా వైర్‌లెస్ వాళ్ళు డి-లేయరు అంటారు. షార్ట్‌వేవ్ తరంగం ఇంకా పైనున్న పొర దగ్గర వంగి దిగాలి. పోయేటప్పుడు, వచ్చేటప్పుడు ఈ డి-లేయరును దాటాలి. అందులోని ఎలక్ట్రాన్లు తరంగంతోపాటు ఊగి, గాలి అణువులను ఢీకొని, ఆ శక్తిని పోగొడతాయి. సూర్యుడి మీద పెద్ద జ్వాల లేచినప్పుడు ఎక్స్-కిరణాలు ఎనిమిది నిమిషాల చిల్లరలో ఇక్కడికి వచ్చి, ఈ ఎలక్ట్రాన్లను ఒక్కసారి విపరీతంగా పెంచుతాయి. అప్పుడు పగలున్న సగం భూమి మీద షార్ట్‌వేవ్ మూగబోతుంది. కొన్ని నిమిషాలు కావచ్చు, గంట దాటవచ్చు. 1930లలో జర్మనీలో మోగెల్, అమెరికాలో డెలింజరు దీని గురించి రాశారు. రేడియో సిలోను వింటూ పెరిగిన మనలో చాలామంది పగటిపూట ఇలాంటిది ఎప్పుడో ఒకసారి వినే ఉంటాం, బ్యాటరీ అయిపోయిందనుకుని ఉంటాం.

దీనికి గుర్తులు మూడు. మొదటిది, అన్ని స్టేషన్లూ ఒకేసారి పోతాయి. రెండవది, దూరాన పడే పిడుగుల గరగర కూడా ఆ దారినే రావాలి కనుక అదీ తగ్గుతుంది. మూడవది, తక్కువ ఫ్రీక్వెన్సీకి నష్టం ఎక్కువ కనుక, ఎక్కువ ఫ్రీక్వెన్సీ ముందు తిరిగి వస్తుంది, తక్కువది ఆఖరున వస్తుంది.

ఆ అబ్బాయి రాసిన మూడు వాక్యాలు ఈ మూడు గుర్తులే. పుస్తకంలో ఉన్నట్టు రాశాడు. నిద్రపోయినవాడు ఏ ఫ్రీక్వెన్సీ ముందు వచ్చిందో రాయలేడు. 1980 అంటే సూర్యుడి మచ్చల చక్రం గరిష్ఠానికి చేరిన కాలం. మా ట్రైనింగులో ఈ పాఠం ఉంది. నేను పరీక్ష రాసి పాసయ్యాను కూడా. సాయంత్రంలోగా జవాబు పంపాలన్న తొందరలో చదువు గుర్తుకురాలేదు. ఆ కుర్రవాడి నిజాయితీనే అతనిమీద సాక్ష్యంగా వాడాను.

గాదంకి నుంచి వచ్చాక రెండు నెలలు తర్జనభర్జన పడి, అతని చిరునామా సంపాదించి వెళ్ళాను. అతనూ రిటైరయ్యాడు. తలుపు తీసిన ఆయన భార్య "రండి అన్నయ్యగారూ" అని కూర్చోబెట్టింది. విషయం చెప్పాను. అతను లోపలికి వెళ్ళి ట్రంకుపెట్టెలోంచి తన సంజాయిషీ కార్బన్ కాపీ తెచ్చాడు. మడతల దగ్గర చిరిగిపోతే వెనుక కాగితం అతికించి ఉంది. అందులో ఆ మూడు వాక్యాలు అలాగే ఉన్నాయి. "క్షమించండి" అన్నాను. "క్షమాపణలకేముంది సార్. ఆ రోజు ఆ లాగు మీరు ఇంకొకసారి చదివితే చాలని అనుకున్నాను, అంతే" అన్నాడు. కాఫీ తాగి వచ్చాను. ఆ కాఫీ రుచి నాకు తెలియలేదు.

తరువాత నా తప్పు ఒప్పుకుంటూ సంతకంతో ఒక వాఙ్మూలం రాసిచ్చాను. దానిని జతచేసి అతను అర్జీ పెట్టుకున్నాడు. పాత రికార్డులు గడువు ముగిసి తీసివేశామని జవాబు వచ్చింది. ఆ మొత్తం చిన్నదే కావచ్చు. అది అతని మాట నమ్మలేదన్న ముద్ర కదా! మన సంఘం తరఫున మరొక విజ్ఞప్తి పంపవలసిందిగా కార్యవర్గాన్ని ఈ సభాముఖంగా కోరుతున్నాను. నేను బతికి ఉండగా, సాక్ష్యం చెప్పగలిగి ఉండగా పంపండి. ఈ సంగతి అతని అనుమతితోనే చెబుతున్నాను, పేరు చెప్పవద్దన్నాడు కనుక చెప్పలేదు.

మీకు నా మనవి రెండే. మీ సర్వీసు కాగితాల కాపీలు పారేయకండి, పిల్లలకు ఎక్కడున్నాయో చూపించండి. రెండవది, మీ పిల్లలు ఇప్పుడు ఆఫీసర్లయి ఉంటారు. కిందివాడి మీద ఏదైనా రాసేముందు, వాడు రాసినది ఒకటికి రెండుసార్లు చదవమని చెప్పండి. పక్క స్టేషనుకు ఒక ఫోను చేయమని చెప్పండి.